ఎవరి గుమ్మం తొక్కాలి?

ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు. కట్టిన ఇంట్లో ఒక్క స్నానాలగది మార్పించి చూసినా చాలునని నాకు అనుభవం మీద తెలిసింది.

మూడేళ్ళ క్రితం, మోకాలి శస్త్రచికిత్స తరువాత అమ్మ, నాన్నగారితో కలిసి కాలిఫోర్నియాలోని మా ఇంటికి బయలుదేరింది. కింది అంతస్తులోని స్నానపు తొట్టి తీయించి, గట్టులేని షవరు పెట్టించాలనుకున్నాము. తెలిసిన మేస్త్రీలు లేరు. మేకు నుంచి పూలకుండీ దాకా అన్నీ అమ్మే పెద్ద దుకాణంవారు పని కూడా చేయిస్తామంటే, పేరును చూసి ఒప్పుకున్నాను.

పని సాగుతుండగానే అమ్మావాళ్ళు వచ్చారు. వచ్చిన పనివాడు దుకాణం ఉద్యోగి కాడు. వారి దగ్గర పనులు పుచ్చుకునే స్థానిక కంట్రాక్టరు. తొట్టి ఊడదీస్తే కింద ప్లైవుడ్ చివికిపోయి ఉంది. మార్చడం అతనికి పూట పని. కాని ఒప్పందంలో లేని పనికి దుకాణంవారు ధర కట్టి, నా సంతకం తీసుకోవాలి. తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ అమ్మ కమ్మీ పట్టుకుని ఒక్కొక్క మెట్టూ ఎక్కుతుంటే నేను కింద నిలబడి చూశాను.

నాన్నగారు ఒకప్పుడు తెనాలిలో తాపీ మేస్త్రి. భాష రాకపోయినా పనివాడికి మజ్జిగ ఇచ్చి, అతని చేతివంకే చూస్తూ కూర్చునేవారు. "పనిమంతుడురా అబ్బాయ్. కాని మనకు జవాబు చెప్పాల్సినవాడు ఇతను కాదు" అన్నారు.

మరుసటి ఏడు పైగది పనికి అదే మనిషిని నేరుగా పిలిచాను. ధర తగ్గింది. రాష్ట్ర లైసెన్సు బోర్డులో అతని సంఖ్య సరిచూశాను. అక్కడి చట్టం ప్రకారం బయానా పది శాతం, 1000 డాలర్లు, ఈ రెంటిలో ఏది తక్కువైతే దాన్ని మించకూడదు; అంతే ఇచ్చాను. సామాను అమ్మినవారికి కంట్రాక్టరు బాకీపడితే మన ఇంటిమీదే హక్కు కోరవచ్చు కనుక, బాకీ లేదన్న కాగితాలూ తీసుకున్నాను. పని వారంలో ముగిసింది.

తరువాత కింది గదిలో పలక పగిలితే, పదిసార్లు ఫోను చేయించుకున్నా, దుకాణంవారు వారంటీ కింద ఉచితంగా మార్చారు. పైగదిలో కుళాయి వెనుక నీరు ఊరేనాటికి మన మేస్త్రి టెక్సాస్ వెళ్ళిపోయాడు. ఆ ఖర్చు నాదే.

ఫోనులో చెబితే నాన్నగారు నవ్వారు. "నేనూ కంట్రాక్టరు కింద చేశాను, సొంతంగానూ చేశాను. చెయ్యి అదే కదరా! తప్పు జరిగిననాడు ఎవరి గుమ్మం తొక్కాలో ముందే చూసుకోవాలి."

ఇప్పుడెవరైనా అడిగితే, కొలిచి బిగించే తలుపులకూ తివాచీలకూ దుకాణం చాలునంటాను. గోడ వెనుక ఏముందో తెలియని పాత ఇంటికి మాత్రం, అక్కడికక్కడే నిర్ణయించగల మేస్త్రి కావాలి.

అమ్మకు ఈ మీమాంస పట్టదు. కింది గదిలో గట్టు లేదు, అదే పదివేలంటుంది.