అరకులో దిగకుండా ముందుకెళ్తే..

వైజాగ్‌లో కిరండూల్ రైలెక్కిన టూరిస్టుల్లో చాలామంది అరకులోనే దిగిపోతారు. సొరంగాలు లెక్కపెట్టడం, బొంగు చికెన్, కాఫీ, ఒక రీల్.. ట్రిప్ అయిపోయింది. తప్పేం లేదు. కానీ అదే పట్టాల మీద కొరాపుట్, జయపురం దాటి ఇంకా వెళ్తే ఒడిశాలో కోట్‌పాడ్ రోడ్ అనే స్టేషన్ ఉంది. నేను అంత దూరం వెళ్లింది ఒక శాలువా కోసం.

ఆకులు, తీగల డిజైన్‌తో అల్లిన శాలువాలు ఎక్కడైనా దొరుకుతాయి. కోట్‌పాడ్ శాలువాలో చెట్టు నూలులోనే ఉంటుంది. ఆ చెట్టుని అక్కడ 'ఆల్' అంటారు. మన నిఘంటువుల్లో తొగరు చెట్టు. తొగరు అంటే ఎరుపు అని కూడా అర్థం! నోని జ్యూస్ అమ్ముతారే, అదే జాతి. ఇంకో ముచ్చట.. ఇది కాఫీ కుటుంబం. మచిలీపట్నం కలంకారీకి ఎరుపునిచ్చిన చిరివేరుదీ అదే కుటుంబం. అంటే అరకులో తాగిన కప్పుకి ఈ శాలువా దూరపు చుట్టం.

రంగు ఉండేది వేరు బెరడులో. తవ్వాలి, ఎండబెట్టాలి, దంచాలి. ఈలోగా తెల్ల నూలు రంగు పట్టేలా తయారవ్వాలి. ఆముదం, పేడ, బూడిద నీళ్లతో నానబెట్టడం, పిసకడం, ఎండేయడం.. రోజుల తరబడి మళ్లీ మళ్లీ అదే. ఈ పని ఎక్కువగా ఆడవాళ్లది. ఫొటోల్లో కనిపించేది మాత్రం మగ్గం ముందు కూర్చున్న మగవాళ్లు! నేను వెళ్లిన ఇంట్లో పెద్దామె చేతులు మణికట్టు దాకా ఇటుక రంగులో ఉన్నాయి. ఆమెది దేశియా, నాది తెలుగు. మధ్యలో మా ఆటో అన్న.

అన్నభేది కలిపితే ఆ ఎరుపే నలుపువైపు తిరుగుతుంది. ఎరుపు, కాఫీ గింజ రంగు, నలుపు, రంగు వేయని తెలుపు.. అంతే. గుంట మగ్గం మీద చేప, పీత, శంఖం బొమ్మలకి చేత్తోనే పోగులు కలుపుతారు.

1869 ప్రాంతంలో జర్మన్ కెమిస్టులు అలిజరిన్ అనే ఎరుపుని ల్యాబ్‌లో తయారుచేశారు. ఆ తర్వాత దేశంలో వేరు రంగులు చాలాచోట్ల మూలనపడ్డాయి. కోట్‌పాడ్ మిర్గాన్ నేతకారులు మాత్రం వదల్లేదు. 2005లో ఈ నేతకి జీఐ గుర్తింపు వచ్చింది. 2018లో ఇక్కడి నేతకారుడు గోవర్ధన్ పనికాకి పద్మశ్రీ ఇచ్చారు. బాగానే ఉంది గానీ, ఆ పెద్దామె కోడలికి రంగు పని వచ్చి కూడా చేయడం లేదు. బ్లౌజులు కుడితే సాయంత్రానికి చేతిలో డబ్బు పడుతుంది. వేరు రంగు డబ్బులు శాలువా అమ్ముడయ్యాకే. ఆమెని ఏమంటాం?

కొనేవాళ్లకి ఒక మాట. 'కోట్‌పాడ్ ఆల్' అని చెప్పి గులాబీ, నీలం, ఆకుపచ్చ చూపిస్తే అది ఆల్ వేరు రంగు కాదు. బేరమాడే ముందు, నూలు ఎన్ని రోజులు నానిందో అడగండి.

నాకు కావలసిన ఎర్ర శాలువా ఆ రోజు రెడీగా లేదు. నూలు ఇంకా దండెం మీదే ఉంది. అడ్వాన్స్ ఇచ్చి, నా ఫోన్ నంబర్ రాయించి వచ్చా.