చక్రాల ఇంట్లో రెండు రాత్రులు

మా గంజాం తెలుగువాళ్ల సంగతి పాఠకులకి తెలియనిది కాదు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా తాతగారు బరంపురంలో తన వీధరుగు మీంచి కదలలేదు. సరిహద్దే కదిలి ఆయన్ని దాటిపోయింది. అంచేత ఇల్లంటే కదలనిదనీ, చుట్టూ వున్నవే మారుతుంటాయనీ మా వాళ్లకొక నమ్మకం. అటువంటి ఇంట పుట్టిన నేను, నలభై దాటిన వయసులో, చక్రాలమీద నడిచే ఇంట్లో అమెరికా సముద్రపుటొడ్డున రెండు రాత్రులు పడుకుని వచ్చేను. మా ఆఫీసులో సగంమంది ఇప్పటికీ నమ్మరు.

మా తమ్ముడు టెక్సాస్ రాష్ట్రంలో హ్యూస్టన్ నగరంలో వుద్యోగం చేస్తున్నాడు. 2024లో అమ్మని తీసుకురమ్మని రెండు టిక్కెట్లు పంపేడు. 74 ఏళ్ల మనిషిని ఒంటరిగా పంపలేం గనక, ఆవిడ పుణ్యాన నాకూ ప్రయాణం దొరికింది.

అమ్మకి మనవల్ని చూపించడం ఒక్కటే కాదు, తమ్ముడికి మరో వుద్దేశం కూడా వుంది. గోపాల్‌పూర్ దగ్గర ఒక పల్లె వారన నాన్నగారు కొన్న 20 సెంట్ల సరుగుడు తోట వుంది. తోట దాటితే ఇసుక, ఇసుక దాటితే సముద్రం. కాగితాలు అమ్మ పేర వున్నాయి. ఆ చెట్లు కొట్టించి, మేడ కట్టి, చుట్టూ ప్రహరీ పెట్టి, రిటైరయ్యేక వచ్చి వుండాలని వాడి ఆశ. ప్లాను కూడా గీయించేడు. అమ్మ మాత్రం సంతకం పెట్టటం లేదు. 2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. గంటకి 200 కిలోమీటర్లు మించిన గాలి. ఆ రాత్రంతా ఆవిడ బరంపురంలో మా ఇంటి నడవాలో కూర్చుని, కప్పు మీంచి పెంకులు ఒక్కొక్కటే లేచిపోతున్న చప్పుడు వింది. ఆ తరవాత పదేళ్లకి పైగా సముద్రం ముఖం చూడలేదు.

"ఇక్కడి సముద్రం చూపిస్తే ఆ భయం పోతుందిలే అన్నయ్యా" అన్నాడు తమ్ముడు నాతో రహస్యంగా.

ఏప్రిల్ నెలలో ఒక శుక్రవారం మధ్యాహ్నం అమ్మ, తమ్ముడు, మరదలు, ఇద్దరు పిల్లలు, నేను గాల్వెస్టన్ ద్వీపంలో వున్న స్టేట్ పార్కుకి బయల్దేరేం. పార్కు అంటే మనకి పూలమొక్కలూ, సిమెంటు బెంచీలూ, మధ్యనొక విగ్రహం జ్ఞాపకం వస్తాయి. ఇది అటువంటిది కాదు. సుమారు 2,000 ఎకరాల నేల. ఒక పక్క సముద్రం, రెండో పక్క అఖాతం, నడుమ గడ్డిమైదానాలూ ఉప్పునీటి మడుగులూ. రాష్ట్ర ప్రభుత్వపు సొత్తు. 1975లో ప్రజలకి తెరిచేరు. అందులో బండ్లు నిలుపుకునేందుకు నంబర్లు వేసిన జాగాలున్నాయి. రాత్రికింత అని కట్టి ఎవరైనా వుండొచ్చు. ఒక్కొక్క జాగాకి ఒక బల్ల, నిప్పు రాజేసుకునేందుకు ఇనప చట్రం, ఒక కుళాయి, కరెంటు పెట్టె. అంతే.

మెట్రిక్ చదివిన గుమాస్తాని. కాగితం కనబడితే చదవకుండా వుండలేను. రశీదునీ నోటీసు బల్లనీ పూర్తిగా చదివేను. రాత్రి 10 నుంచి వుదయం 6 దాకా సద్దు చెయ్యకూడదు. ఒక జాగాలో ఎనిమిదిమందికి మించకూడదు. నలుగురిలో మద్యం పనికిరాదు. వెళ్లే రోజు మధ్యాహ్నం 12కల్లా ఖాళీ చెయ్యాలి. కోటీశ్వరుడు పెద్ద బస్సంత బండిలో వచ్చినా, కుర్రాళ్లు గుడ్డ డేరాతో వచ్చినా ఇవే నియమాలు. 1959లో ఆ రాష్ట్రంలో చేసిన చట్టం ఒకటి సముద్రపుటొడ్డు ఇసుకమీద నడిచే హక్కు ప్రజలందరిదీ అంటుందట. అది విన్నప్పుడు నాకు తమ్ముడి ప్లానులోని ప్రహరీగోడ గుర్తుకొచ్చింది గానీ, అప్పటికి ఏమీ అనలేదు.

ఇక మా బండి. వీటిని అక్కడ ఆర్.వి. అంటారు. తమ్ముడు అద్దెకి తెచ్చేడు. పొడుగు 25 అడుగులు. డ్రైవరు తలమీద ఒక పడక, వెనకాల ఒకటి. మధ్యనున్న భోజనపు బల్లని దించితే అదీ పడకే. గ్యాసు పొయ్యి, ఫ్రిజ్, స్నానాలగది, మరుగుదొడ్డి అన్నీ అందులోనే. అమ్మ లోపలికి అడుగుపెట్టి, పొయ్యికీ మరుగుదొడ్డికీ మధ్య దూరం కళ్లతోనే కొలిచి, "ఇదేం సంసారంరా, రైలుపెట్టెలో కాపురం పెట్టినట్టుంది!" అంది. తను తెచ్చుకున్న దేవుడి పటాన్ని మరుగుదొడ్డికి ఆమడ దూరంలో, అంటే డ్రైవరు ముందర, పెట్టించింది.

బండి సమంగా నిలబడకపోతే దాంట్లో ఫ్రిజ్ సరిగ్గా పనిచెయ్యదట. అంచేత పల్లంవైపు చక్రాల కింద దిమ్మలు వేసి ఎక్కించేం. సమంగా వుందో లేదో తేలక మేం తర్జనభర్జన పడుతుంటే, "పళ్లెంలో నీళ్లు పోసి చూడండర్రా" అంది అమ్మ. ఆ లెక్కే సరిపోయింది. తరవాత కరెంటు తాడు తగిలించి, కుళాయికి గొట్టం పెట్టేం. వచ్చే నీళ్లకి లోటు లేదు గానీ, పోయే నీళ్లు బండి కిందనున్న తొట్టిలోనే నిలవుండాలి. స్నానాలకీ గిన్నెలకీ ఒక తొట్టి, మరుగుదొడ్డికి వేరే తొట్టి. నిండేయంటే ఇబ్బందే. పిల్లలు ధారాళంగా స్నానాలు చేసేసరికి మొదటి సాయంత్రానికే తొట్టి సగం దాటింది. రోజు విడిచి రోజు కుళాయి వచ్చే వీధిలో నలభై ఏళ్లు సంసారం చేసిన అమ్మ అప్పుడు పెత్తనం తీసుకుంది. మనిషికి ఒక చిన్న బాల్చీ, ఒక చెంబు. తను తన గిన్నెల్ని ఎన్ని గుక్కెళ్ల నీళ్లతో కడిగిందో చూసి మరదలు ఆశ్చర్యపోయింది. బయటికొచ్చి తక్కువతో బతకడానికి వీళ్లు డబ్బిచ్చి నేర్చుకుంటున్నారు. ఆవిడకది పుట్టింటి విద్య.

చీకటి పడ్డాక ఇనప చట్రంలో నిప్పు వేసేం. అమ్మ వంకాయలు కాల్చి పచ్చడి చేసింది. పక్క జాగాలో ఒక ముసలాయన వుండేవాడు. జీతం లేకుండా పార్కుకి సాయంచేసే మనిషి. అందుకు బదులు ఆ జాగాకి అద్దె లేదు. పచ్చడి వాసనకి పలకరించేడు. ఆయన మాట అమ్మకీ, అమ్మ మాట ఆయనకీ నేనే చెప్పేను. 2008 సెప్టెంబరు 13వ తేదీన ఐక్ తుఫాను సరిగ్గా ఈ ద్వీపం దగ్గరే తీరం దాటింది. ఈ పార్కులో సముద్రంవైపు కట్టడాలు తుడిచిపెట్టుకుపోయేయి. ఆయన ఇల్లూ పోయింది. మళ్లీ కట్టలేదు. అప్పటినుంచీ చక్రాల ఇల్లే.

"మళ్లీ గాలివాన వస్తుందంటే ఏం చేస్తాడో అడుగు" అంది అమ్మ.

"తాళంచెవి తిప్పి బయల్దేరతాను, ఇంటితోసహా" అన్నాడాయన. అమ్మ నవ్వింది. సముద్రం చప్పుడు వినబడేంత దగ్గర్లో ఆవిడ నవ్వడం చాలా ఏళ్లకి విన్నాను.

ఆ వూరి తుఫానుల చరిత్ర పెద్దది. 1900 సెప్టెంబరు 8వ తేదీన వచ్చిన వుప్పెనలో గాల్వెస్టన్‌లో 6,000 మందికి తక్కువ కాకుండా చనిపోయేరు. 8,000 అని ఎక్కువమంది చెపుతారు. ఆ తరవాత వాళ్లు 17 అడుగుల ఎత్తున సముద్రపు గోడ కట్టేరు. అంతటితో ఆగక, ఇళ్లనీ చర్చీలనీ జాకీలతో పైకెత్తి, కిందికి ఇసుకా నీళ్లూ పంపులతో కొట్టి, వూరికి వూరినే ఎత్తు చేసేరు. తరవాత తరవాత పెరిగిన ఆ గోడ ఇప్పుడు 10 మైళ్లు దాటి వుంది. కాని అది పార్కు దాకా రాదు. గోడ ఆగినచోటి నుంచి ఇళ్లన్నీ పొడుగాటి స్తంభాల మీద నిలబడి వుంటాయి. పార్కులో అవీ లేవు. అక్కడ సముద్రానికి అడ్డు ఇసుకదిబ్బలే. ఐక్‌లో పోయిన సముద్రంవైపు భాగాన్ని బాగుచేసి 2022లో మళ్లీ తెరిచేరు. 2010లో ఆ సింధుశాఖలో జరిగిన చమురు ప్రమాదానికి వచ్చిన పరిహారపు సొమ్ములో కొంత అందుకు వాడేరు.

శనివారం పొద్దున్న అమ్మని సముద్రంవైపు తీసుకువెళ్లేం. దిబ్బలమీద అడుగుపెట్టకుండా దాటడానికి చెక్కలతో వంతెనలాంటి దారి వేసేరు. దాని మధ్యదాకా వచ్చి అమ్మ ఆగిపోయింది. మేమెవరం తొందరపెట్టలేదు. కిందికి చూస్తూ, "ఈ గడ్డి తొక్కకూడదని రాసేరా?" అంది. అటుగా వచ్చిన పార్కు వుద్యోగిని, ఒక చిన్నపిల్ల, వివరంగా చెప్పింది. ఆ గడ్డి వేళ్లే ఇసుకని పట్టి వుంచుతాయి. ఒడ్డుకి కొట్టుకొచ్చిన సముద్రపు నాచు కూడా ఎగిరే ఇసుకని ఆపి దిబ్బ పెరగడానికి సాయపడుతుంది. మనుషులు తొక్కితే గడ్డి చస్తుంది, గడ్డి చస్తే దిబ్బ పోతుంది, దిబ్బ పోతే వెనకనున్నదంతా పోతుంది. నేను తెలుగులో చెప్పేసరికి అమ్మ, "మన సరుగుడు తోట చేసే పనేగదా" అంది. అని, నా చెయ్యి పట్టుకుని మిగతా సగం నడిచి, నీళ్లలో పాదాలు తడిపింది. ఆ నీళ్లూ మన నీళ్లలాగే ఒండ్రు రంగు.

ఆ ఒడ్డున తాబేళ్ల గురించి ఒక బల్ల చూసేను. దానిమీద వున్నది కెంప్స్ రిడ్లీ. మన ఋషికుల్య ముఖద్వారానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీకి తోడబుట్టినదే. ఆ జాతిలో వున్నవి ఈ రెండే రకాలు. మనది ఎక్కువగా రాత్రివేళ వస్తుంది, అది పట్టపగలే వస్తుంది. 2023లో మన దగ్గరకి ఆరులక్షలకి పైగా వచ్చేయి. అక్కడిది 1980ల నాటికి దాదాపు అంతరించే స్థితికి వచ్చి, మనుషులు గూడు గూడుకీ కాపలా కాస్తేనే మెల్లగా కోలుకుంటోంది. ఏప్రిల్ నుంచి జూలై దాకా దాని కాలం. మాకు కనబడలేదు గానీ, పిల్లలు రోజంతా వెతికేరు.

ఆ రాత్రి తమ్ముడు బల్లమీద ప్లాను పరిచేడు. నాకు తెలిసిన మాట నేను చెప్పేను. తీరప్రాంతపు నిబంధనలు 1991లో మొదటిసారి వచ్చేయి. 2019లో మారినా, జనం పలచగా వున్న పల్లెల్లో పోటు గీతనుంచి 200 మీటర్ల లోపల కొత్త కట్టడం కూడదు. మన తోట ఆ లోపలే వుంది.

"అందరూ కడుతున్నారు అన్నయ్యా" అన్నాడు.

ప్లానులో గోడని వేలితో చూపిస్తూ తమ్ముడి చిన్నకొడుకు, "ఇది వుంటే తాబేలు ఎలా ఎక్కుతుంది పెదనాన్నా?" అన్నాడు. ఎవరం జవాబు చెప్పలేదు.

కాసేపటికి అమ్మ అంది: "1999లో తుఫానుకి చెట్లు పడిపోతే మీ నాన్న మళ్లీ నాటించేరు. 2013లో సగం పోతే నేను నాటించేను. కలప కోసం కాదురా. వెనకాల జాలరి ఇళ్లున్నాయి. నాకక్కడ మేడొద్దు నాయనా. నువ్వొచ్చినప్పుడు పొద్దున్నే వెళ్దాం, వండుకు తిందాం, సందెవేళకి వచ్చేద్దాం. సముద్రం దగ్గరికి చుట్టంలా వెళ్లాలి గాని, కాపురానికి వెళ్లకూడదు."

తమ్ముడు మాట్లాడకుండా ప్లాను మడిచేడు. నిప్పు ఆరిపోయేదాకా అక్కడే కూర్చున్నాడు. వాడికి కావలసింది మేడ కాదేమో, తిరిగి రావడానికొక కారణం కావాలేమో అని నాకప్పుడు తోచింది. పక్కన కూర్చున్నాను గాని, పైకి అనలేదు.

ఆదివారం పొద్దున్న జాగా తుడిచి, బూడిద తడిపి, బయల్దేరేం. దారిలో తొట్లు ఖాళీ చేసే చోటు వుంది. ముందు మరుగు తొట్టి, తరవాత స్నానాల తొట్టి. వెనకొచ్చిన నీళ్లు గొట్టాన్ని కడుగుతాయి. చేతులకి తొడుగులు వేసుకుని తమ్ముడూ నేనూ ఆ పని చేసేం. మా ముందు ఖరీదైన బండి పెద్దమనిషి, మా వెనక ఇద్దరు ఆడవాళ్లు, అందరూ ఎవరిది వాళ్లే చేసుకుంటున్నారు. ఆ పనికి వేరే మనిషిని పెట్టే ఆచారం అక్కడ లేదు. నేను చూసినవాటిలో ఎక్కువ ఆలోచింపజేసింది ఇదే. మనలో ఈ పనిని ఎన్ని తరాలుగా, ఎవరినెత్తిన పెట్టేమో మనందరికీ తెలుసు.

2025 జనవరిలో తమ్ముడు వచ్చేడు. అమ్మ అన్నట్టే తోటలో ఒక పగలంతా గడిపేం. పడిపోయిన చెట్ల స్థానంలో వాడు పది మొక్కలు నాటేడు. మేడ మాట ఎత్తలేదు. వదులుకున్నాడని కూడా నేను చెప్పలేను. ప్లాను మా బీరువాలోనే వుంది.

చివరిగా సంఘ సభ్యులకి నాదొక మనవి. ఏటా కార్తీక వనభోజనాలకి సముద్రపుటొడ్డుకే వెళ్తున్నాం. మనం లేచి వచ్చేక అక్కడ విస్తళ్లూ, గ్లాసులూ, సీసాలూ ఎంత మిగులుతాయో, ఎత్తడానికి ఎవరొస్తారో ఒకసారి ఆలోచించండి. మనం కూడా ఇంత వేళకి ఖాళీ చెయ్యాలని ఒక గంట పెట్టుకుని, ఎవరి విస్తరి వాళ్లే ఎత్తుకుని, వచ్చినప్పుడెలా వుందో అలా అప్పగించి వద్దాం. దీనికి చందా అక్కర్లేదు, నాలుగు గోనెసంచులు చాలు. సంచులు నేను తెస్తాను.