రాతిమీది అక్షరాలూ, సెల్ ఫోను చుక్కలూ

ఈసారి మిమ్మల్ని రామచంద్రపురం తీసుకుపోతాను. కాకినాడ నించి సుమారు 30 కిలోమీటర్లు. రైలుకట్ట కూడా ఉన్నది, దానిది ఒక చిత్రమైన కథ. కాకినాడ నించి కోటిపల్లి దాకా 1928లో వేసిన ఆ దారిని, రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఇనుము కావలసివచ్చి పీకివేశారు. మళ్ళీ పట్టాలు పడింది 2004లో! మనం మటుకు బస్సే ఎక్కుదాం. కిటికీ పక్కన కూచుంటే దారి పొడుగునా కొబ్బరి చెట్లూ, వరిచేలూ, కాలవలూ కనిపిస్తాయి. ఈ పచ్చదనమంతా ధవళేశ్వరం దగ్గర గోదావరికి అడ్డంగా కాటన్ దొర కట్టించిన ఆనకట్ట చలవే. ఆ పని 1847లో మొదలై 1852లో పూర్తయింది.

రామచంద్రపురంలో మా అక్కయ్య ఉన్నది. సంక్రాంతి సెలవలకు నేను అక్కడ దిగేసరికి ఇంట్లో ఒక తగువు నడుస్తున్నది. సార్వా పంట అమ్మిన డబ్బులో కొంత పెట్టి మా బావగారు ఒక సెల్ ఫోను కొనదలచారు. ఆయనకు ఫోటోల సరదా ఏమీ లేదు. అయితే పైరుకు తెగులు వచ్చినప్పుడు ఆకు ఫోటో తీసి వ్యవసాయ సహాయకుడికి పంపితే, ఆయన ఏం చెయ్యాలో చెబుతాడు. పాత ఫోనులో ఆకు మసకగా పడి, కిందటేడు ఒక తెగులును మరొక తెగులనుకుని మందు కొట్టారట. మందు డబ్బూ పోయింది, పంటా కొంత పోయింది.

"అందుకే నూటెనిమిది కొనమంటున్నాను, మామయ్యా!" అన్నాడు మా మేనల్లుడు. వాడు ఎనిమిదో తరగతి.

నూటెనిమిది అంటే ఏ అష్టోత్తరమో అనుకునేరు. బజారులో దుకాణదారుడు కూడా అదే మాట అన్నాడు. "ఆయ్, ఇది నూటెనిమిది మెగాపిక్సెలండి! ఆ పక్కది యాభయ్యేనండి. లెక్క మీకే తెలుస్తుంది గదండి!"

బావగారు నా వంక చూశారు. "ఏమోయ్, నువ్వు చదువుకున్నవాడివి. నూటెనిమిది యాభైకి రెట్టింపు కదా, మరి ఫోటో కూడా రెట్టింపు బాగుంటుందా?"

నేను వెంటనే అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. "రెండు రోజులు ఆగండి బావగారూ, చూసి చెబుతాను" అన్నాను. పక్కింటి కుర్రాడి దగ్గర నూటెనిమిది ఫోను ఉన్నది. ఒకరోజుకు అది ఎరువు తీసుకున్నాం. నా దగ్గర ఉన్నది 12 మెగాపిక్సెల్ పాత ఫోను. మర్నాడు భోగికి ముందు రోజు. తెల్లవారకముందే రెండు ఫోన్లతో ముగ్గురమూ బయలుదేరాం.

అసలు ఈ మెగాపిక్సెల్ ఏమిటో ముందు చెబుతాను. ఇంటి ముందు ముగ్గు వేసేవారు మొదట చుక్కలు పెడతారు గదా! కెమేరాలో కటకం వెనక చిన్న బిళ్ళ ఒకటి ఉంటుంది. దానిమీద కూడా అట్లాగే వరసలు వరసలుగా చుక్కలు ఉంటవి. ఒక్కొక్క చుక్క తనమీద ఎంత వెలుతురు పడిందో కొలిచి చెబుతుంది. అన్నీ చెప్పినది కలిపితే బొమ్మ. మెగా అంటే పది లక్షలు. కనక నూటెనిమిది మెగాపిక్సెల్ అంటే 10 కోట్ల 80 లక్షల చుక్కలు. 1975లో అమెరికాలో కోడాక్ కంపెనీలో స్టీవెన్ సాసన్ అనే యువ ఇంజనీరు ఇటువంటి కెమేరాను మొట్టమొదట తయారుచేసినప్పుడు దానిలో చుక్కలు పదివేలే. ఒక బొమ్మను టేపుమీదికి ఎక్కించటానికి 23 సెకండ్లు పట్టేది. అక్కడి నించి ఇక్కడికి వచ్చాం.

మరి ఒక ఫోటోకు ఎన్ని చుక్కలు కావాలి? కాగితం తీసుకుని మీరే లెక్క వెయ్యండి. ఆల్బంలో అతికించే ఫోటో 6 అంగుళాల పొడుగు, 4 అంగుళాల వెడల్పు ఉంటుంది. అంగుళానికి 300 చుక్కలుంటే కంటికి చుక్కలు విడివిడిగా కనపడవు. 1800ని 1200తో గుణిస్తే 21,60,000. రెండు మెగాపిక్సెల్ దాటి కొంచెం! సెల్ ఫోను అద్దంమీద చూస్తే? సాధారణంగా అడ్డంగా 1080, నిలువుగా 2400 చుక్కలు ఉంటవి. గుణిస్తే ఇరవయ్యారు లక్షలు కూడా లేవు. మీ అమ్మకు ఫోనులో చూపించే ఫోటోకు పది కోట్ల చుక్కలు పనేమున్నది?

ఈ లెక్క చెబితే మా మేనల్లుడు ఒప్పుకోలేదు. "ఎక్కువుంటే నష్టమేమిటి?" అన్నాడు. ప్రశ్న మంచిదే. దానికి జవాబు బావగారి చేలోనే దొరికింది.

మంచు ఇంకా విడలేదు. కాలవ గట్టుమీద నిలబడి అవతలి ఒడ్డు కొబ్బరిచెట్లను రెండు ఫోన్లతోనూ తీశాం. వాడు నూటెనిమిదిని నిండు చుక్కలమీద పెట్టి తీశాడు. ఫోటోను పెద్దది చేసి చూస్తే మంచుమీద ఇసక జల్లినట్టు గరగర! వాడి మొహం చిన్నబోయింది. అప్పుడు నేను చేలోకి చూపించి అడిగాను: "బావగారూ, ఈ ఎకరాన్ని నూటెనిమిది మళ్ళు చేస్తే ఏమవుతుంది?"

"ఏమవుతుంది? సగం చేను గట్లకే పోతుంది. తూములోంచి వచ్చే నీరు పెరగదు గదా! ఒక్కొక్క మడికి చారెడు నీళ్ళు కూడా అందవు" అన్నారాయన.

కెమేరా సంగతి కూడా అంతే! బిళ్ళ ఎకరం చేను, వెలుతురు నీరు, కటకం తూము. బిళ్ళ అంతే ఉండి చుక్కలు పెరిగితే, ఒక్కొక్క చుక్కకు అందే వెలుతురు తగ్గిపోతుంది. ఎండలో వెలుతురు వరదలా వస్తుంది గనక ఫరవాలేదు. మబ్బులోనూ, మంచులోనూ, సందెచీకట్లోనూ చుక్కకు సరిగా కొలిచేటంత వెలుతురు దొరకదు. అప్పుడది తప్పు చెబుతుంది. ఆ తప్పులే మనం చూసిన గరగర. (ఈ కాలపు బిళ్ళల్లో గట్లు చాలా సన్నం. మా బావగారి గట్లలాగా సగం చేను తినవు లెండి.)

ఫోనులు చేసేవారికి ఇది తెలియదా? తెలుసు. అందుకే మామూలుగా ఆ ఫోను తొమ్మిది మళ్ళ మధ్య గట్లు తీసేసి ఒకే మడి చేస్తుంది, అంటే తొమ్మిది చుక్కలు కొలిచినది ఒక్క చుక్కగా కలుపుతుంది. 108ని తొమ్మిదితో భాగిస్తే ఎంత? పన్నెండు! మామూలుగా తీసిన ఫోటో వివరాలు చూస్తే 4000 ఇంటు 3000 అని ఉన్నది. "అయితే నూటెనిమిదీ ఏమయినట్టు, మామయ్యా?" అన్నాడు మా వాడు, ఎవరో జేబు కొట్టినట్టు.

అక్కడి నించి ఆటోలో ద్రాక్షారామం వెళ్ళాం. రామచంద్రపురానికి ఆరేడు కిలోమీటర్లే. పంచారామాలలో ఇది ఒకటి. శ్రీనాథుడు భీమేశ్వర పురాణం రాసింది ఈ క్షేత్రాన్ని గురించే. లోపల భీమేశ్వర స్వామి లింగం రెండంతస్తుల ఎత్తున ఉంటుంది. మెట్లెక్కి పై అంతస్తు నించి అభిషేకం చేస్తారు. గర్భాలయంలో ఫోటోలు తియ్యరాదు. బయట కూడా తియ్యవచ్చునో లేదో అక్కడివారిని అడిగి తెలుసుకుని మరీ తియ్యండి. మేము అడిగే తీశాం.

మీరు తప్పక చూడవలసినవి అక్కడి రాళ్ళు. గోడలమీదా, స్తంభాలమీదా శాసనాలు వందలకొద్దీ ఉన్నవి. తూర్పు చాళుక్యుల కాలంనాటివీ, చోళులవీ, వెలనాటి ప్రభువులవీ. దేవుడి ఎదుట అఖండదీపం వెలగటానికి, నేతికోసం గొర్రెలనో ఆవులనో ఇచ్చామని చెప్పేవి వాటిలో చాలా ఉన్నవి. ఆలోచించి చూడండి, ఆ చీకటి గుడిలో వెలుతురుకోసం మందలకు మందలే ఇచ్చారు!

ఒక స్తంభం నీడలో ఉన్నది. అక్షరాలు అరిగిపోయి, ఉన్నాయో లేవో అన్నట్టున్నవి. మా వాడు నూటెనిమిదితో తీశాడు. పెద్దది చేస్తే రాయి కనిపించింది గాని అక్షరం కనిపించలేదు. నా పాత ఫోను కూడా ఓడిపోయింది. వాడు ఫోను దీపం వెలిగించి, ఎదురుగా పట్టుకుని తీశాడు. రాయంతా తెల్లబోయింది, అక్షరాలు ఉన్నవి కూడా పోయాయి. అప్పుడు నేను రెండవ ఫోను దీపాన్ని స్తంభానికి బాగా పక్కగా, రాతిని రాసుకుంటూ వెలుతురు పోయేటట్టు పట్టుకున్నాను. చెక్కిన ప్రతి గీతలోనూ ఒక సన్నని నీడ లేచింది. వరసలకు వరసలు అక్షరాలు బయటపడ్డాయి! బావగారు "అరే!" అని రెండడుగులు ముందుకు వేశారు. దర్శనానికి వచ్చిన పెద్దాయన ఒకరు కళ్ళజోడు సవరించుకుని, వేలితో గాలిలో రాసి చూపిస్తూ, "స్వస్తి శ్రీ" అని మొదటి మాటలు చదివారు. చాలా శాసనాలు అట్లాగే మొదలవుతవి.

ఇప్పుడు తీసిన ఫోటోలో నా పన్నెండు మెగాపిక్సెల్ ఫోనులో కూడా అక్షరాలు చక్కగా పడ్డాయి. చుక్కలు అవే, రాయి అదే, మారినది దీపం పట్టిన చోటు మాత్రమే. కెమేరా అవసరం లేకుండా కూడా పండితులు శాసనాలను ఎత్తి రాసుకునేవారు. తడిపిన కాగితాన్ని రాతిమీద పరిచి, కుంచెతో గట్టిగా అద్ది, పైన సిరా పూస్తే రాయి నల్లగానూ, అక్షరాలు తెల్లగానూ దిగుతవి. మీరు మటుకు రాతిమీద సుద్దగాని పిండిగాని పామకండి. తొమ్మిది వందల ఏళ్ళు నిలిచిన అక్షరాన్ని మనం పాడుచెయ్యటం ఎందుకు?

మధ్యాన్నానికి కోటిపల్లి చేరాం. అక్కడ గౌతమీ గోదావరి ఎంత వెడల్పంటే, అవతల ముక్తేశ్వరం ఒడ్డు ఒక పచ్చటి గీతలాగా ఉంటుంది. నడి ఏట్లో పంటు ఒకటి మనుషులనూ మోటారు సైకిళ్ళనూ ఎక్కించుకుని వస్తున్నది. ఎండ ఫెళ్ళున కాస్తున్నది. మా వాడు మళ్ళీ నిండు చుక్కలమీద పెట్టి తీశాడు. ఈసారి పంటును మాత్రం కత్తిరించి పెద్దది చేస్తే, దానిమీద ఎర్రగొడుగు పట్టుకున్న ఆవిడ స్పష్టంగా కనిపించింది. నా ఫోనులో ఆ గొడుగు ఒక ఎర్రటి మరక. "ఓడిపోయావు మామయ్యా!" అని వాడు గెంతాడు. నిజమే, ఓడిపోయాను. బాగా వెలుతురుండి, దూరపు వస్తువును కత్తిరించి చూడాలన్నా, గోడంత బొమ్మ అచ్చువేయించాలన్నా ఎక్కువ చుక్కలు అక్కరకు వస్తవి. అయితే తొమ్మిది రెట్ల చుక్కలకు తొమ్మిది రెట్ల వివరం రాదు. చుక్కలు పొడుగునా వెడల్పునా కూడా పెరగాలి గనక, కటకం ఎంత మంచిదైనా వచ్చేది మూడు రెట్లే.

సాయంత్రం ఎండ ఉండగానే చేలోకి వచ్చాం. దాళ్వా నాట్లు పడి మూడు వారాలయింది. ఒక మూల ఆకులమీద మచ్చలున్నవి. బావగారు ఒక ఆకు పట్టుకున్నారు. "ఇంకా దగ్గిరికి, ఇంకా దగ్గిరికి" అంటూ మా వాడు ఫోనును ఆకుకు ఆనించినంత పని చేశాడు. మసక! నూటెనిమిదీ మసకే, పన్నెండూ మసకే. కటకం మరీ దగ్గిర వస్తువును చూడలేదు. మీ ముక్కుకు ఈ పత్రికను ఆనించి చదివి చూడండి, తెలుస్తుంది. జానెడు దూరం జరిగి, ఆకును ఎండవేపు తిప్పి తీసి, తరవాత కత్తిరించాం. మచ్చ నూలుకండె ఆకారంలో ఉన్నది, నడుమ బూడిదరంగు, అంచు గోధుమరంగు.

ఇంకొక చిక్కున్నది. ఫోటోను కబురుతో పంపితే, దారిలో బరువు తగ్గటానికి దాన్ని చిన్నది చేసి పంపుతారు. పది కోట్ల చుక్కలూ అక్కడే రాలిపోతవి. ముందే కత్తిరించి మచ్చ మటుకే పంపితే, మిగిలిన చుక్కలన్నీ మచ్చకే దక్కుతవి. అట్లాగే పంపాం. దీపాలవేళకు జవాబు వచ్చింది: "ఇది అగ్గితెగులండి. యూరియా ఇప్పుడు చల్లకండి. రేపు వచ్చి చూస్తాను." మర్నాడు చల్లుదామని తెచ్చిన యూరియా బస్తా అరుగుమీదే ఉన్నది. బావగారు దాని వంక చూసి, లోపలికి మోయించారు.

కనుమనాడు కాకైనా కదలదంటారు గదా, పండగ వెళ్ళినదాకా ఆగి దుకాణానికి వెళ్ళాం. మా మేనల్లుడే ముందుకు వెళ్ళి, "ఇందులో ఒక్కొక్క చుక్క వెడల్పెంతండీ?" అన్నాడు.

"ఆయ్, ఆ మాట ఇంతవరకూ ఎవరూ అడగలేదండి!" అని దుకాణదారుడు నవ్వి, కంపెనీవారి కాగితాలు వెతికించాడు. నూటెనిమిదిలో చుక్క 0.64 మైక్రాన్లు. యాభైలో 1 మైక్రాన్. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మా వాడు అక్కడే బిల్లు కాగితం వెనక లెక్క వేశాడు. 12000 చుక్కలూ, 9000 చుక్కలూ ఉన్న బిళ్ళ 44 చదరపు మిల్లీమీటర్లయింది. 8160, 6144 ఉన్నది 50 అయింది. చుక్కలు సగానికన్న తక్కువ, చేను మటుకు పెద్దది!

బావగారు అప్పుడు కూడా మాటమీద కొనలేదు. రెండు ఫోన్లూ తీసుకుని దుకాణం వెనక సామాన్ల గదిలోకి వెళ్ళారు. అక్కడ దీపం లేదు. చెయ్యి చాపి, "నా అరచెయ్యి తియ్యిరా" అన్నారు కొడుకుతో. తీసిన రెండు ఫోటోలూ వెలుతురులోకి తెచ్చి చూసుకున్నారు. యాభైలో అరచేతి గీతలతోబాటు, కొడవలి కోసిన పాత మచ్చకూడా పడింది. ఆ ఫోనుకే డబ్బు లెక్కపెట్టి ఇచ్చారు.