వాసన లేకపోతేనేం!

కనకాంబరం పేరెత్తగానే “ఆఁ, వాసన లేని పువ్వు!” అని మూతి విరిచేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. మల్లెపువ్వు ఎండాకాలమంతా ఊరేగి తన దారిన తాను వెళ్ళిపోతుంది. ఆ తరువాత శ్రావణ శుక్రవారం పేరంటానికీ, కార్తీక సోమవారానికీ జడ బోసిపోకుండా చూసేదెవరు? ఈ కనకాంబరమే కదండీ! పొద్దున పెట్టుకున్న దండ మర్నాటికైనా వాడదు. బరువంటారా, లేనే లేదు. కిలో తూగాలంటే వేల పువ్వులు కొయ్యాలి. ఆ కష్టం కోసేవాళ్ళ వేళ్ళనడగాలి. వాసనే కావాలంటే మధ్యమధ్య రెండు రెమ్మలు మరువం వేసి కట్టుకుంటే సరి.

ఇదేం పరాయి మొక్క కాదు. మన దక్షిణదేశమూ, శ్రీలంకా దీని పుట్టిళ్ళు. దగ్గుకి కషాయం కాచుకునే అడ్డసరానికి చుట్టం. నిగనిగలాడే ఆకులు, ఆకుపచ్చని వెన్ను, ఆ వెన్నుకి అడుగునుంచి పైకి వరసగా పువ్వులు. మిట్టమధ్యాహ్నపు ఎండ తగలని చోట, నీళ్ళు నిలవని మట్టిలో నాటితే ఏడాది పొడుగునా పూస్తుంది. ముసురు వానల్లో మాత్రం కాస్త తగ్గుతుంది. పూత అయిపోయిన వెన్నుల్ని తుంచెయ్యాలి. గింజ కోసం ఒకటి రెండు ఉంచుకోవచ్చు. ఎండిన కాయ మీద నీళ్ళు పడ్డాయా, టప్పున పగిలి గింజల్ని అల్లంత దూరం చిమ్ముతుంది. ఢిల్లీ కనకాంబరమని ఒకటుంది, దానికి గింజ కట్టదు. కొమ్మ ముక్క గుచ్చాల్సిందే. మొక్క కారణం లేకుండా గిడసబారితే వేళ్ళు చూడండి. బుడిపెలుంటే నులిపురుగు పట్టినట్టే. ఆ మట్టిలో మళ్ళీ కనకాంబరం వెయ్యకుండా కొన్నాళ్ళు బంతి వెయ్యండి.

ఈ విద్యంతా మా అత్తగారిది. మామగారు 1983లో పోయారు. అప్పటినుంచి ఆవిడ తలలో పువ్వు లేదు. పెరట్లో పువ్వుకి మాత్రం లోటు లేదు. రోజు విడిచి రోజు కోసి, అరటినారతో కట్టి, వీధిలో ఆడపిల్లలందరికీ మూరెడేసి పంచేవారు. పెంచిన చేతికి హక్కు లేని పువ్వేమిటని నేనెన్నిసార్లు గొణిగానో! “నీళ్ళు పొయ్యొద్దని ఎవరూ అనలేదుగా” అని నవ్వేసేవారు.

ఒకనాటి మధ్యాహ్నం ఆవిడ కునుకు తీస్తూంటే మా ఆరేళ్ళ పాప నాలుగు కనకాంబరాలు తెచ్చి ముడిలో దోపింది. లేచాక ఆవిడ చేత్తో తడిమి చూసుకున్నారు. తీసేస్తారనుకున్నాను. ఇంతలో వీధి వాకిట్లో పక్కింటి పిన్నిగారి గొంతు వినబడింది. అత్తగారు పువ్వులు తియ్యలేదు. కొంగు నెత్తిమీదికి లాక్కుని వెళ్ళారు.

అరగంటసేపు ఇద్దరూ అప్పడాల పిండి సంగతి మాట్లాడుకున్నారు. అదే మల్లెపువ్వయితే, ఆవిడ గుమ్మం దాటకముందే చాటింపు వేసి ఉండేది!

మర్నాడు దండ కడుతూ నాలుగు పువ్వులు విడిగా తీసి గూట్లో పెట్టారు. ఎవరికని నేను అడగలేదు.