"పాల్ సిల్లె" అంటే అక్కడితో ఆగొద్దు

కొంచెం పెద్ద పోస్ట్, ఓపికగా చదవండి. ఆడవాళ్ల ముచ్చట అని తమ్ముళ్లు పక్కకు పోవద్దు. రేపు మీ ఇంట్లో కూడా ఒక బాలింత ఉంటది.

మాది బోథ్ మండలంలో ఒక గోండు గూడెం. 2022 వానకాలంలో మా వదినకు ఆడపిల్ల పుట్టింది. కాన్పు కష్టమై ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఆపరేషన్ చేసిన్రు. పాప 2 కిలోల 600 గ్రాములు ఉంది. కానీ పాపను వదిన పక్కలో పడుకోబెట్టేసరికి సాయంత్రమైంది. రొమ్ము అందిస్తే పాప పట్టుడు, విడుసుడు, ఏడ్సుడు. ఏమైందని నర్సు అడిగితే వదిన ఒక్కటే మాట అన్నది, "పాల్ సిల్లె."

నర్సుకు గోండి రాదు. పక్క మంచం ఆమె "పాలు లేవంట మేడం" అని తెలుగులో చెప్పింది. అంతటితో అయిపోయింది. పాపను ఎట్లా పట్టుకుంటున్నదో ఎవరూ చూడలేదు. డబ్బాపాలు రాసిచ్చి, ఐదో రోజు ఇంటికి పంపించిన్రు. అన్న ఒక రోజు కూలి ఒక డబ్బాకు సరిపోలేదు. అది తొందరగా అయిపోవద్దని ఇంట్లో పొడి తగ్గించి నీళ్లు ఎక్కువ కలిపిన్రు.

ఏడో రోజు మా ఆశా అక్క తూకం సంచి పట్టుకొని వచ్చింది. పాప 2 కిలోల 300 ఉంది. "రోజుకు ఎన్నిసార్లు ఉచ్చ పోస్తున్నది?" అని అడిగింది. మూడుసార్లు అన్నది వదిన. పుట్టిన పిల్లలు మొదటి రోజుల్లో కొంచెం బరువు తగ్గుడు మామూలే. కానీ పుట్టిన బరువులో పదో వంతు కంటే ఎక్కువ తగ్గితే ఆగొద్దు అని చెప్పి, అప్పటికప్పుడే ఆటో పిలిపించి సర్కారు దవాఖానకు తీస్కపోయింది. మాట చెప్పుడుకు నన్ను వెంట రమ్మన్నది.

అక్కడి సిస్టర్ మళ్లీ అదే అడిగింది, వదిన మళ్లీ అదే అన్నది. ఈసారి సిస్టర్ ఆగలేదు. ఒక్కొక్కటి అడిగి, నాతో గోండిలో అడిగించింది. పాలు అసలే వస్తలేవా? వస్తున్నా పాప పట్టుకుంటలేదా? పట్టుకుంటే నొప్పి పుడుతున్నదా? రొమ్ము గట్టిపడ్డదా? అప్పుడు అసలు సంగతి బయటపడ్డది. పాలు ఉన్నయ్. చనుమొనలు పగిలినయ్. పాప మొన చివర మాత్రమే పట్టుకొని చీకుతున్నది. నొప్పికి వదిన దూరం జరుగుతున్నది. కుట్లు గుంజుతయని వంగలేకపోతున్నది. ఇదంతా కలిపి వదిన చెప్పిన మాటే "పాల్ సిల్లె".

సిస్టర్ మందు కంటే ముందు చేతులు సరిచేసింది. కుట్ల మీద బరువు పడకుండా పాపను చంక కింద నుంచి పట్టుకొమ్మన్నది. కాళ్లు వెనక్కి, తల ముందుకు. పాప నోరు బాగా తెరిచినంకనే దగ్గరికి తీసుకోవాలి. మొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లని భాగం కూడా చాలా వరకు నోట్లోకి పోవాలి. గదుమ రొమ్ముకు ఆనాలి, కింది పెదవి బయటికి తిరగాలి. నొప్పి అయితే వేలితో మెల్లగా విడిపించి మళ్లీ పట్టించాలి. పాప అలిసిపోయింది కాబట్టి రెండు మూడు రోజులు పాలు చేత్తో పిండి ఉగ్గుగిన్నెతో కూడా పట్టించినం. రెండు మూడు గంటలకొకసారి నిద్ర లేపి తాగించాలె. రాత్రి కూడా. రోజు మొత్తంలో 8 నుంచి 12 సార్లు.

రెండు రోజులు అక్కడే ఉన్నం. ఇంటికొచ్చినంక మా ముసలమ్మ వదినకు వేడివేడి జొన్న గటక పెట్టి, వెన్ను రాసి, పొలం ముచ్చట ఇంట్లో తేవద్దని అందరికీ చెప్పింది. అది కూడా సాయమే. 21వ రోజు ఆశా అక్క మళ్లీ తూకం వేస్తే 2 కిలోల 650.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆస్పత్రుల్లోనే అయినయ్. 60.7 శాతం ఆపరేషన్లు. అయినా పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు 37.1 శాతమే. అంటే ఆస్పత్రి దాకా పోవుడు మనం నేర్చుకున్నం. అక్కడ తల్లి పక్కన కూర్చునే మనిషి ఇంకా దొరకలేదు.

మనకు హక్కుగా ఉన్న సాయం ఏందో తెలుసుకోండి. 2011 నుంచి ఆశాలు పసిపిల్లల ఇంటికి వచ్చి చూసే పద్ధతి ఉంది. ఆస్పత్రిలో కాన్పు అయితే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో రావాలి. ఇంట్లో అయితే మొదటి రోజు కూడా. బరువు చూడాలి, జ్వరం చూడాలి, పాలు పట్టుడు చూడాలి. వాగు పొంగి రాలేకపోతే ఫోన్ చేసి పిలవండి. డబ్బాపాల ప్రచారాన్ని ఆపేందుకు 1992లోనే చట్టం వచ్చింది. డాక్టర్ రాస్తే ఎందుకు అవసరమని మర్యాదగా అడగొచ్చు. కొందరు తల్లులకు నిజంగానే పాలు తక్కువ పడతయ్, రక్తం బాగా పోయినా అట్లా అవుతది. అప్పుడు డాక్టర్ చెప్పిన కొలత ప్రకారమే కలపాలె, నీళ్లు పెంచొద్దు. అందులో ఆ తల్లి తప్పేం లేదు.

ఈ గుర్తులు కనబడితే ఆశా వచ్చేదాకా కూడా ఆగొద్దు: మొదటి వారం దాటినా ఉచ్చ రోజుకు ఆరుసార్ల కంటే తక్కువ, లేపినా పాలకు లేవకపోవుడు, ఒళ్లు చల్లబడుడు లేక కాలుడు, అరికాళ్ల దాకా పచ్చబడుడు. తల్లికి రొమ్ము ఎర్రబడి జ్వరం వచ్చినా దవాఖానకు పోవాలి, అంతవరకు పాలు ఇచ్చుడు ఆపొద్దు.

మన గ్రూపులో ఏఎన్ఎం, జీఎన్ఎం, బీఎస్సీ నర్సింగ్ చదివే చెల్లెళ్లు చాలామంది ఉన్నరు. మీకు గోండి, కొలామీ, లంబాడీ వస్తది. ఆ భాష మీ సర్టిఫికెట్‌లో ఉండదు కానీ వార్డులో అదే పనికొస్తది. చదువు వేరే అయినా సరే, ఊళ్లో కాన్పు అయితే ఒక పూట వెంట పోయి మాట చెప్పండి. తమ్ముళ్లు కట్టెలు, నీళ్లు, రాత్రి మేలుకునుడు చూసుకోండి. పై గుర్తులు మీ ఊరి ఆశా అక్క నంబరుతో కలిపి ఇంట్లో గోడకు రాసిపెట్టండి. మీ ఇంటి అనుభవం ఉంటే కింద రాయండి, ఇంకొకరికి పనికొస్తది.