మోకాళ్ల కింద బట్ట



పోయిన భాగం చెప్పుల మీద రాశాను. ఈసారి ప్యాంటు. నవ్వకండి, చదవండి.

మన హాస్టల్లో ఉండి చదువుకున్న తమ్ముడొకడు ఇప్పుడు అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాడు. ఆఫీసులో వాళ్లతో కలిసి జింకల వేటకు పోతున్నాడట. అక్కడ లైసెన్సు తీసుకుని, సీజన్లో చట్టప్రకారమే వేటాడతారు. "అన్నా, దుకాణంకు పోతే ఆకులు, కొమ్మల బొమ్మలేసిన ప్యాంట్లు గోడ నిండ ఉన్నయి. నాకు ఒక్కటే రంగుది, గట్టిది చాలు. ఏది తీసుకోవాలె?" అని ఫోన్ చేశాడు. డిగ్రీ చదివే రోజుల్లో రెండేళ్లు బట్టల షాపులో పనిచేశాను కాబట్టి నన్ను అడిగాడు.

బొమ్మల బట్టకు ఎక్కువ డబ్బులు పెట్టకు అన్నాను. జింక కన్ను మన కన్నులాంటిది కాదు. రంగుల్ని పట్టే కణాలు మనకు మూడు రకాలు, దానికి రెండే. ఎరుపు, నారింజ, ఆకుపచ్చల మధ్య తేడా దానికి సరిగా తెలియదు. అందుకే అక్కడ చాలా రాష్ట్రాల్లో తుపాకీ సీజన్లో మెరిసే నారింజ రంగు చొక్కానో టోపీనో వేసుకోవాలని చట్టం పెట్టారు. వేటగాళ్లు ఒకరినొకరు కాల్చుకోకుండా ఉంటారు, జింకకు మాత్రం అది మెరుపులా కనబడదు. పులి అంత నారింజ రంగులో ఉండి కూడా గడ్డిలో దాక్కోగలుగుతున్నదంటే కారణం ఇదే. నీలం మాత్రం జింకకు బాగా కనిపిస్తుంది. అందుకని జీన్స్ వద్దన్నాను. (మన నీలం దాక్కోవడానికి పుట్టిన రంగు కాదు. ఆ ముక్క జింకకు కూడా తెలుసన్నమాట.) తెల్లగా మెరవడానికి సబ్బు పొడుల్లో కలిపే మందు కూడా దాని కంటికి మెరుస్తుంది, ఉతికేటప్పుడు చూసుకోమన్నాను. మట్టి రంగు, ఎండుగడ్డి రంగు, ముదురు ఆకుపచ్చ, ఏదైనా ఫర్వాలేదు. అసలు జంతువు పట్టేసేది కదలికను, వాసనను, చప్పుడును.

తర్వాత నేత. డ్రిల్లు బట్ట మీద ఏటవాలు గీతలు కనబడతాయి, దారాలు ఒత్తుగా పడతాయి కాబట్టి ముల్లు తొందరగా దిగదు. కాన్వాసు ఇంకా గట్టిది, కానీ కొత్తలో నడుస్తుంటే తొడలు రాసుకుని బరబర చప్పుడు చేస్తుంది. ఉన్ని చప్పుడు చెయ్యదు, తడిసినా చలి ఆపుతుంది, అయితే ముళ్లకు పోగులు లేస్తాయి. గంజి ఏ బట్టకూ పెట్టొద్దు. వెలుగుకు ఎత్తి చూడు, అవతలి వెలుతురు కనబడితే వదిలెయ్. మోకాళ్ల దగ్గర రెండు పొరలుండాలి, కాళ్ల సందులో కుట్టు రెండు వరుసలుండాలి. దుకాణంలోనే గొంతుక్కూర్చుని లేచి చూడు, సిగ్గుపడకు అన్నాను.

ఇంత చెప్పి ఫోన్ పెట్టేశాక నాకు మా తాత కాళ్లు గుర్తొచ్చాయి.

వేటకు ఏ ప్యాంటు మంచిదనే ప్రశ్న మన దేశంలో కూడా బాగా నలిగిందే. ఖాకీ పుట్టిందే ఇక్కడ. ఖాక్ అంటే ఫారసీలో దుమ్ము. 1846లో పెషావర్లో హ్యారీ లమ్స్‌డెన్ అనే ఆంగ్ల అధికారి గైడ్స్ దళాన్ని పెట్టాడు. కొండల్లో కనబడకుండా ఉండాలని వాళ్ల బట్టలకు దుమ్ము రంగు వేయించాడు. తర్వాత అది సైన్యానికి, పోలీసుకు, దొరల షికారుకు పాకింది. గీతలు లేవు, పువ్వులు లేవు, ఒకటే రంగు, మందపాటి డ్రిల్లు. జిమ్ కార్బెట్ లాంటివాడు నిక్కరు, పల్చటి రబ్బరు అడుగు బూట్లతో తిరిగాడు గానీ ఆయన అడవిలో పుట్టి పెరిగినట్టే ఉండేవాడు, ఆయన లెక్క వేరు.

ఆ కార్బెట్టే 1907లో చంపావత్ పులిని కొట్టినప్పుడు దాదాపు 300 మంది ఊరి జనం హాకా చేశారు. అక్కడ నరభక్షి తిరుగుతున్నది, జనం తమ ప్రాణం కోసం వచ్చారు, దాన్ని తప్పుబట్టను. మన వైపు హాకా వేరే రకం.

1902 ఏప్రిల్లో వైస్రాయి కర్జన్ నిజాం రాజ్యంలో వేటకొచ్చాడు. మన వరంగల్ జిల్లా నెక్కొండ దగ్గర క్యాంపు. ఆ మొదటి రోజు వేట ఫొటో ఇప్పటికీ దొరుకుతుంది, లాలా దీన్ దయాళ్ తీసింది. చచ్చిన పులి, కర్జన్, ఆయన భార్య మేరీ. నలుపు తెలుపు ఫొటో కాబట్టి బట్టల రంగు తెలియదు. పులిని తుపాకీ ముందుకు తోలడానికి మనుషులు కావాలి కదా, వాళ్లు ఏ ఊళ్ల వాళ్లో, ఎవరి పిల్లలో ఆ ఫొటోలో వెతికితే దొరకదు.

మా తాత కర్జన్ కాలం వాడు కాదు. ఆయన పోయింది మా ఊరి దొర షికారుకు, 1940ల్లో. వెట్టిలో అదొక భాగం. దొర ఇంటికి చుట్టాలొస్తే మాదిగ గూడేనికి కబురొచ్చేది, డప్పులు పట్టుకుని రమ్మని. తెల్లవారకముందే అడవి అంచున వరుస కట్టాలి. డప్పు కొట్టుకుంటూ, అరుచుకుంటూ ముందుకే నడవాలి. దొరేమో అవతల మంచె మీద కూర్చుని ఉంటాడు, మందపాటి ప్యాంటు, మోకాళ్ల దాకా పట్టీలు, బూట్లు. కూర్చున్నోడికి ముల్లు ఎక్కడ గుచ్చుకుంటుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

తాత మాట ఇది: "కంప అడ్డమొచ్చిందని పక్కకు తిరుగుతే వరుస తెగుతది బిడ్డా. ఆ సందుల కెల్లి జంతువు ఉరుకుతది. గప్పుడు దెబ్బలు మనకే. అందుకని కంపల కెల్లే పోవాలె." గోచి కట్టుకుని, రేణి కంపలో, పరికి కంపలో. ఆయన పిక్కల మీద తెల్లటి గీతలు అడ్డదిడ్డంగా ఉండేవి, చిన్నప్పుడు నేను వేలుతో లెక్కపెట్టేవాణ్ని, మధ్యలో లెక్క తప్పేది. దొరకు పులి దొరికినా పంది దొరికినా వీళ్లకు పడింది పేగులు, తలకాయ. కూలి అనే మాట లేదు.

పేదరికం, ప్యాంటు ఎక్కడ కొంటారు అని కొందరు మిత్రులు అంటారు. అంత తేలిక కాదు. 1931లో రామనాథపురం జిల్లాలో కల్లర్లు దళితుల మీద 11 నిషేధాలు ప్రకటించారు. జె.హెచ్. హట్టన్ వాటిని తన పుస్తకంలో రాశాడు. మొట్టమొదటిదే మోకాళ్ల కిందికి బట్ట కట్టకూడదని. మా ఊళ్లో ఎవరూ కాగితం మీద రాయలేదు, రాయాల్సిన అవసరం రాలేదు. పంచె కిందికి దింపి గడీ ముందు నుంచి నడిస్తే ఏమవుతుందో అందరికీ తెలుసు. ముల్లు దిగే చోటు, కులం బట్ట వద్దన్న చోటు ఒకటే. మోకాలి నుంచి మడమ దాకా.

నా ఒంటి మీదికి ఖాకీ సాంఘిక సంక్షేమ హాస్టల్లో వచ్చింది. నిక్కరు. తాతను కంపలోకి తోలినవాడు వేసుకున్న రంగే, కానీ ఆ బట్ట కాదు. వెలుగుకు ఎత్తితే అవతలున్న చెట్టు కనబడేది. దసరా రాకముందే వెనక చినిగేది, పుస్తకాల సంచి అడ్డం పెట్టుకుని నడిచేవాళ్లం. షాపులో చేరాక ముందు నేర్చుకున్నది బట్టను వెలుగుకు ఎత్తి చూడటమే.

1972 చట్టంతో వేట నేరమైంది. మంచెలు పోయాయి, కంపలో నడిచే పని పోలేదు. పోయిన ఎండాకాలం ఒక అడవిలో (పేరు రాస్తే వాళ్ల కూలి పోతుంది) దినకూలీ మీద మంటలార్పే వాళ్లతో ఒక రోజు తిరిగాను. పైనుంచి వచ్చిన అధికారి డ్రిల్లు ప్యాంటులో జీపు దిగాడు. వీళ్లు సంతలో 200 రూపాయలకు దొరికే నైలాన్ ట్రాక్ ప్యాంట్లలో ఉన్నారు. నైలాన్ మంటకు కరిగి చర్మానికి అతుక్కుంటుంది. యూనిఫాం పర్మినెంటు వాళ్లకేనట. ఈ నెల ఆ ప్యాంట్ల మీద ఒక వినతిపత్రం రాస్తున్నాం, మందమైన నూలు డ్రిల్లు, మనిషికి రెండు జతలు, కొలత తీసి కుట్టించాలని. ముసాయిదా చూడాలనుకునే న్యాయ విద్యార్థులు నాకు మెసేజ్ పెట్టండి.

ఇంకో పని. మీ ఇళ్లలో 85 దాటిన వాళ్లుంటే ఈ పండుగ సెలవుల్లో అడగండి. హాకాకు పిలిచేవాళ్లా, ఎవరు పిలిచేవాళ్లు, ఎన్ని రోజులు, తిండి పెట్టేవాళ్లా, కాళ్లకు ఏం కట్టుకున్నారు. వాళ్లతో వరుసలో నడిచిన వాళ్ల పేర్లు కూడా రాసుకోండి.