లోపం లేని సంధి

తెలుగులో సంధి అన్న మాటకు రెండర్థాలున్నాయి. వ్యాకరణంలో అది వర్ణాల కలయిక. రాజనీతిలో రాజ్యాల మధ్య ఒడంబడిక. మొదటి సంధిని పిల్లలకు ఏళ్ళ తరబడి బోధించి విశ్రాంతి పొందినవాడిని కనుక, పత్రికలలో రెండవది కనిపించినప్పుడల్లా నా మనసు మొదటి దాని వైపే పోతుంది. ఐరోపా దేశాల ఉమ్మడి ఆయుధ నిర్మాణాన్ని గురించి చదివేటప్పుడు ఈ అలవాటు నాకు కొంత ఉపకరించింది.

చేతిలో ధనం తక్కువైనప్పుడు ఇరుగుపొరుగు కలిసి ఒకే బావి త్రవ్వుకోవటం లోకసహజం. రక్షణ వ్యయం తగ్గినకొద్దీ ఐరోపా దేశాలు కూడా దగ్గర కావాలి కదా అనుకుంటాం. జరిగింది మాత్రం చాలా సందర్భాలలో దానికి విరుద్ధం.

యూరోఫైటర్ యుద్ధవిమానం కథ చూడండి. 1985లో ఫ్రాన్సు ఆ కూటమి నుంచి తప్పుకొని సొంతంగా రఫేల్ నిర్మించుకుంది. (మన వాయుసేనకు 2016 ఒప్పందం ద్వారా వచ్చిన 36 విమానాలు ఆ తెగిన సంధికి పుట్టిన సంతానమే.) మిగిలిన బ్రిటన్, జర్మనీ, ఇటలీ, స్పెయిన్ దేశాలు మొత్తం 765 విమానాలు కావాలన్నాయి. ప్రచ్ఛన్న యుద్ధం ముగిసింది. దేశ పునరేకీకరణ భారం మోస్తున్న జర్మనీ తన 250ని 180కి కుదించుకుంది. మొత్తం సంఖ్య 620కి దిగింది. ఎన్ని విమానాలు కొంటే అంత పని అన్నది నియమం కనుక పని వాటాల పంపకం మళ్ళీ మొదటికి వచ్చింది. బ్రిటన్‌కు 37 శాతం, జర్మనీకి 30 శాతం అని తేలింది. అయినా విమానాలను కూర్చే కర్మాగారాలు మాత్రం నాలుగు దేశాలలోనూ నాలుగు!

ఇక్కడే ఒక విషవలయం ఉంది. రూపకల్పనకు అయ్యే ఖర్చు విమానాల సంఖ్యతో పాటు తగ్గదు. సంఖ్య తగ్గితే ఒక్కొక్క విమానం ధర పెరుగుతుంది. ధర పెరిగిందని సంఖ్య ఇంకా తగ్గిస్తారు. ఏ400ఎం రవాణా విమానానిదీ ఇంచుమించు ఇదే గతి. 2003లో ఏడు దేశాలు 180 విమానాలకు ఒప్పందం చేసుకున్నాయి. నిర్మాణం ఆలస్యమై, వ్యయం పెరిగి, 2010లో మరో 350 కోట్ల యూరోలు సమకూర్చటానికి అంగీకరించవలసి వచ్చింది. కొనదలచిన విమానాల లెక్క మాత్రం 170కి తగ్గింది. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందన్న సామెత మనవాళ్ళు ఊరికే అనలేదు.

మరి పేదరికం ఎవరినీ కలపలేదా? కలిపింది. బ్రిటన్ తన రక్షణ వ్యయాన్ని కోసుకున్న 2010లోనే, నవంబరు 2న, ఫ్రాన్సుతో లాంకాస్టర్ హౌస్ ఒప్పందాలు చేసుకుంది. తరువాతి కాలంలో క్షిపణుల తయారీలో ఆ రెండు దేశాలూ కొన్ని నైపుణ్యాలను ఒకదానికొకటి విడిచిపెట్టి, పరస్పరం ఆధారపడటానికి సిద్ధపడ్డాయి.

భేదం ఎక్కడుందో వ్యాకరణం చెబుతుంది. వాడు, ఎక్కడ అన్నవి కలిసి 'వాడెక్కడ' కావాలంటే మొదటి పదం తన ఉకారాన్ని వదులుకోవాలి. ఏ అచ్చూ చోటు వదలకపోతే, 'మాయమ్మ'లో లాగా, నడుమ యకారం వచ్చి కూర్చుంటుంది. అది ఆగమమే కాని సంధి కాదు. తన కర్మాగారం, తన ఉద్యోగాలు, తన వాటా, వీటిలో దేనినీ వదలని దేశాల నడుమ ఎన్ని సంస్థలు వచ్చి కూర్చున్నా అవి యడాగమాలే.

ధనం పెరిగితే అంతా చక్కబడుతుందనీ చెప్పలేం. ఉక్రెయిన్ యుద్ధం మొదలైన 2022లో జర్మనీ 10,000 కోట్ల యూరోల ప్రత్యేక నిధి ప్రకటించింది. ఆ వెంటనే 35 ఎఫ్-35 విమానాలు కొనటానికి అమెరికా వైపు తిరిగింది. లేమిలో వాటాల తగవు, కలిమిలో తొందర.

ఆయుధాలంటే నాకు ప్రీతి లేదు. కాని ఒకే పనికి నాలుగుచోట్ల ఖర్చయ్యే సొమ్ము ఏదో ఒక బడి నుంచో, ఆసుపత్రి నుంచో రావలసిందే కదా! లోపం లేకుండా సంధి కోరుకునేవారు ఆ మూల్యాన్ని ప్రజల చేత కట్టిస్తారు.